కొని దాచుకుంటే బంగారమైతదా? కొత్త స్పోర్ట్స్ కారు, పాతబండి ధర – అసలు లెక్క

2016 జనవరిల అమెరికాలోని అరిజోనా రాష్ట్రంల ఒక వేలంపాట జరిగింది. హోండా కంపెనీ కొత్తగ తెస్తున్న ఎన్‌ఎస్‌ఎక్స్ అనే స్పోర్ట్స్ కారు, అందుల మొట్టమొదటి నంబరు బండి, పాటకు పెట్టిండ్రు. ఆ మోడల్ షోరూమ్ ధర లక్షా 56 వేల డాలర్లు. పాట మాత్రం 12 లక్షల డాలర్లకు పోయింది.

ఆ వార్త చదివినోళ్లల్ల చానామందికి ఒకటే ఆలోచన వచ్చింది. ఈ బండి ఒకటి కొని, షెడ్డుల పెట్టి, గుడ్డ కప్పి, ఇరవై ఏండ్లు ఆగితే చాలు, మన పిల్లలు కూసోని తింటరు అని. ఇది ఒక్క అమెరికా ఆలోచనే కాదు. మన దిక్కు పొలం అమ్మి ప్లాటు కొనెటోని ఆలోచన గూడ ఇదే. వస్తువు వాడుకునేటందుకు కాదు, రేటు పెరిగేటందుకు కొనుడు. అందుకే ఈ ముచ్చట కార్ల పిచ్చి ఉన్నోళ్లకే వదిలిపెట్టకుండ జర విడమర్చి చూద్దాం.

లడ్డు పాట వేరు, బజారు రేటు వేరు

ముందుగాల ఆ 12 లక్షల సంగతి. ఆ పైసలు కంపెనీకి పోలే, ధర్మకార్యానికి పోయినయి. మొదటి నంబరు బండిని పాటకు పెట్టి వచ్చిన సొమ్ము సేవా సంస్థలకు ఇచ్చుడు అమెరికాల ఒక ఆనవాయితీ. 2019ల టయోటా కొత్త సుప్రా మొదటి బండి గూడ ఇట్లనే 21 లక్షల డాలర్లు పలికింది. షోరూమ్‌ల అదే మోడల్ 50 వేల డాలర్ల చిల్లరకు దొరికేది.

మనకు ఇది సమజ్ కాని ముచ్చటేం కాదు. బాలాపూర్ గణేశ్ లడ్డు 1994ల 450 రూపాయలకు పోయింది, 2024ల 30 లక్షల ఒక వెయ్యికి పోయింది. ఆ ధర చూసి మిఠాయి దుకాణపాయన కిలో లడ్డు లక్ష అంటే ఎవలైనా కొంటరా? పాటల పాడినోడు లడ్డు కొనలే, భక్తి, పేరు, పరువు కొన్నడు. మొదటి నంబరు కారు పాట గూడ అసొంటిదే. దాన్ని బట్టి రెండో బండికి రేటు కట్టొద్దు.

ఎన్‌ఎస్‌ఎక్స్ విషయంల గదే రుజువైంది. హోండా తన ఖరీదైన బండ్లను అమెరికాల అక్యూరా అనే పేరు మీద అమ్ముతది. 2018ల ఆ దేశం మొత్తంల ఎన్‌ఎస్‌ఎక్స్‌లు రెండు వందలు గూడ పోలే. డీలర్లు వేల డాలర్ల డిస్కౌంట్లు ఇచ్చి మరీ అమ్ముకోవలసి వచ్చింది. 2022 ఆఖరుకు ఫ్యాక్టరీ లైన్ బంద్ అయింది. మొత్తం తయారైనయి మూడు వేలకు లోపే.

ఒకే పేరు, రెండు బండ్లు

ఈ బండిని అర్థం చేసుకోవాలంటే దాని తాతను చూడాలె. మొదటి ఎన్‌ఎస్‌ఎక్స్ 1990ల వచ్చింది, 2005 దాక నడిచింది. అప్పటి దాక ఇంజన్ నడుమ ఉండే స్పోర్ట్స్ కారు అంటే ఇటలీ ఫెరారీయే. ఆ ఫెరారీలు చూడ చక్కగుంటయి గానీ ఎప్పుడు మొరాయిస్తయో తెల్వది. హోండా ఏం చేసిందంటే, బాడీ మొత్తం అల్యూమినియంతోని చేసింది. అట్ల చేసి మార్కెట్ల అమ్మిన మొదటి కారు అదే. మూడు లీటర్ల వీ6 ఇంజన్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగేది. అయినా రోజూ ఆఫీసుకు తోలుకపోవచ్చు. ఫార్ములా వన్ చాంపియన్ అయర్టన్ సెన్నా 1989ల సుజుకా ట్రాక్ మీద దాన్ని తోలి, బాడీ ఇంకా గట్టిపడాలె అన్నందుకు ఇంజనీర్లు మల్ల కూసోని దాన్ని గట్టిపరిచిండ్రు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే గొప్ప కారును గీసిన గార్డన్ మర్రే, తన బండి ఎట్ల నడవాలెనో చూసుకునేటందుకు ఈ ఎన్‌ఎస్‌ఎక్స్‌నే కొలబద్దగ పెట్టుకున్నడు.

రెండో ఎన్‌ఎస్‌ఎక్స్ 2016ల వచ్చింది, అమెరికాల ఒహాయో రాష్ట్రం మేరీస్‌విల్ కాడ తయారైంది. మూడున్నర లీటర్ల వీ6కు రెండు టర్బోలు, దానికి తోడు మూడు ఎలక్ట్రిక్ మోటార్లు. మొత్తం బలం 573 హార్స్‌పవర్. గేర్లు తొమ్మిది, మార్చేది కంప్యూటరే. కొలతల లెక్కన మొదటిదానికంటే ఇది ఎంతో వేగం.

తమాషా ఏందంటే, మొదటిది పదిహేనేండ్లల్ల పద్దెనిమిది వేల పైచిలుకు తయారైంది. రెండోది మూడు వేలు గూడ లేదు. అరుదైతేనే విలువ అనుకుంటే రెండోదానికి ఆరింతల గిరాకీ ఉండాలె. లేదు. జనం నోట్ల ఇప్పటికీ మొదటిదే. ఎందుకు?

పాతబండికి రేటు తెచ్చే సంగతులు

ఒకటి, చిన్నప్పటి ఆశ. పదిహేనేండ్ల పోరడు గోడ మీద బొమ్మ అతికించుకున్న బండిని, నలభై ఐదు ఏండ్లకు చేతుల పైసలు ఆడినంక కొంటడు. 1990లల్ల బొమ్మలు చూసినోళ్లు, వీడియో గేముల్ల జపాన్ కార్లు నడిపినోళ్లు ఇయ్యాల సంపాదనల ఉన్నరు. టయోటా పాత సుప్రా, నిస్సాన్ స్కైలైన్, మొదటి ఎన్‌ఎస్‌ఎక్స్ ధరలు పెరిగింది అందుకే. రెండో ఎన్‌ఎస్‌ఎక్స్ గోడమీద అతికించుకున్న పోరలు ఎంతమంది? అదే అసలు ప్రశ్న. అమ్ముడుపోని బండి అరుదు అయితది గానీ, ఆశ ఉన్నదని అర్థం కాదు.

రెండు, మల్ల రానిదై ఉండాలె. చేతితోని గేరు మార్చేది, టర్బో లేని ఇంజన్, కంప్యూటర్ జోక్యం తక్కువుండేది – ఇసొంటియి ఇగ ముందట కొత్తగ రావు అని జనం నమ్మితే పాతవాటికి రేటు వస్తది. లెక్సస్ ఎల్‌ఎఫ్ఏ ఇందుకు మంచి సాక్ష్యం. 2010 చివర నుంచి 2012 చివర దాక 500 బండ్లే చేసిండ్రు. ధర మూడు లక్షల 75 వేల డాలర్లు. టయోటా వాళ్ల బండికి గంత ధరా అని నవ్విండ్రు, కొన్ని బండ్లు ఏండ్ల తరబడి షోరూమ్‌లల్లనే పడి ఉన్నయి. గానీ దాని వీ10 ఇంజన్ చేసే సప్పుడు ఇంకో బండి చేయదు. ఇయ్యాల దాని ధర కొత్తదానికంటే ఎంతో మీద ఉన్నది. అంటే మొదట్ల అమ్ముడు పోకపోతే ఎప్పటికీ విలువ రాదని గూడ అనలేం.

మూడు, బాగుచేయొస్తదా లేదా. మొదటి ఎన్‌ఎస్‌ఎక్స్‌ను విప్పి, అరిగినవి మార్చి, మల్ల కొత్తదాని లెక్క చేసిచ్చే పనిని హోండా 1993 నుంచే జపాన్‌ల నడిపింది. రెండోదాంట్ల బ్యాటరీ ఉన్నది, మోటార్లు ఉన్నయి, పదుల కొద్ది కంప్యూటర్ డబ్బాలు ఉన్నయి. ముప్పై ఏండ్లకు పిస్టన్ అరిగితే లేత్ మీద చేయించుకోవచ్చు. చిప్పు పోతే, సాఫ్ట్‌వేర్ దొరకకుంటే, మూడు వేల బండ్ల కోసం ఎవలు చేసిస్తరు? ఇయ్యాల కొత్తగ వచ్చే ప్రతి హైబ్రిడ్ స్పోర్ట్స్ కారుకు ఇదే గండం.

నాలుగు, కాయితాలు. పుట్టినప్పటి ఇంజన్ నంబరే ఉన్నదా, సర్వీసు పుస్తకం ఉన్నదా, యాక్సిడెంట్ అయిందా, రంగు అసలుదేనా. ఒకే మోడల్ రెండు బండ్లల్ల ఒకటి రెండింతలు పలుకుడు వీటితోనే.

ఐదు, సర్కారు కానూను. దీన్ని చానామంది లెక్కల పట్టరు. అమెరికాల వాళ్ల భద్రతా నిబంధనలకు చేయని విదేశీ కారును తెచ్చుకోవాలంటే అది 25 ఏండ్లు దాటాలె. స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ 1999ల వచ్చింది. 2024ల అమెరికా తలుపు తెరిచింది. ఆ తారీఖు దగ్గరికొస్తున్న కొద్ది జపాన్‌ల దాని రేటు ఎక్కుతనే ఉండె. బండి మారలే, ఇంజన్ మారలే. కానూను తారీఖు వచ్చింది, అంతే.

కంపెనీ మల్ల అచ్చేస్తే?

ఇంకో ప్రమాదం ఉన్నది. 2016ల పోర్షే కంపెనీ 911 ఆర్ అని ఒక బండి తెచ్చింది. 991 మాత్రమే. అప్పట్ల వాళ్ల గట్టి ట్రాక్ బండ్లు ఆటోమేటిక్ గేరుతోనే వస్తుండె, ఇది మాత్రం చేతి గేరు. ధర లక్షా 85 వేల డాలర్ల కాడ. చేతి గేరు ఇగ రాదనుకొని జనం దానికి కొన్ని రెట్లు పెట్టి కొన్నరు. తెల్లారి 2017ల పోర్షే అదే చేతి గేరును 911 జీటీ3ల ఇచ్చేసింది, నంబరు హద్దు లేకుండ. 911 ఆర్ రేటు దిగ్గున పడింది. కొత్త ధరకంటే మీదనే నిలబడ్డది గానీ, ఆఖరుకు కొన్నోళ్లు మునిగిండ్రు. అరుదు అనేది కంపెనీ చేతుల ఉన్న తాళం. దాని చెవి నీ దగ్గర లేదు.

అంతకుముందు ఇంకా పెద్ద దెబ్బ ఉన్నది. 1988 ఆగస్టుల ఎంజో ఫెరారీ చచ్చిపోయిండు. ఇగ ఆయన కాలం బండ్లు దొరకవని ధరలు ఆకాశానికి పోయినయి. ఆయన ఒప్పుకున్న ఆఖరి మోడల్ ఎఫ్40ని మొదట్ల నాలుగు వందలే అన్నరు, ఆఖరుకు పదమూడు వందలు దాటించిండ్రు. అదే ఊపుల జాగ్వార్ కంపెనీ 1988ల ఎక్స్‌జే220 చూపించింది. వీ12 ఇంజన్, నాలుగు చక్రాల డ్రైవ్ అని చెప్పి, యాభై వేల పౌండ్ల అడ్వాన్సులు కట్టించుకున్నది. తీరా 1992ల బండి ఇచ్చేనాటికి వీ6 ఇంజన్, రెండు చక్రాల డ్రైవ్. ధర మాత్రం నాలుగు లక్షల 70 వేల పౌండ్లు. అప్పటికే 1990ల బుడగ పేలింది, మాంద్యం వచ్చింది. అడ్వాన్సు కట్టినోళ్లు మాకు బండి వద్దని కోర్టుల దాక పోయిండ్రు. మూడు వందలు గూడ తయారు కాలే.

ఇయ్యాల ఎఫ్40 ఇరవై లక్షల డాలర్లు దాటిపోతది, నిజమే. గానీ 1989ల ఊపుల కొన్నోడు ఆ రోజు చూసేటందుకు రెండు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. అప్పు చేసి కొన్నోడు ఆగలేడు కదా. బుడగల ఎప్పుడూ మునిగేది అప్పు ఉన్నోడే.

పైసల లెక్క

గెలిచిన బండిగ పేరున్న మొదటి ఎన్‌ఎస్‌ఎక్స్‌నే తీసుకోండ్రి. 1991ల అమెరికాల దాని ధర సుమారు 60 వేల డాలర్లు. ఇయ్యాల బాగా కాపాడిన బండి లక్ష డాలర్లు దాటుతది. చూస్తే మస్తు లాభం. గానీ 1991 నాటి 60 వేలు, ధరల పెరుగుదల లెక్కేస్తే 2024ల దాదాపు లక్షా 38 వేలతోని సమానం. అంటే చానా బండ్లు పైసల విలువను నిలబెట్టుకున్నయి, అంతే. ముప్పై ఏండ్ల ఇన్సూరెన్స్, షెడ్డు, టైర్లు, ఆయిల్ ఖర్చు అదనం.

ఇంకో లెక్క. ఒక బండి ఇరవై ఏండ్లల్ల డబల్ అయిందనుకుందాం. వినేటందుకు బ్రహ్మాండం. ఏడాదికి చూస్తే మూడున్నర శాతం. అందుల నుంచి ఏటా రెండు శాతం కాపాడే ఖర్చు తీసేస్తే మిగిలేది ఒకటిన్నర. మన బ్యాంకు డిపాజిట్ ఏడు శాతం ఇస్తే పదేండ్ల మీద జరంతలనే డబల్ అయితది, టైర్లు మార్చే పని లేదు.

మెక్‌లారెన్ ఎఫ్1 ఎనిమిది లక్షల డాలర్ల చిల్లర ధరకు వచ్చి, 2021ల ఒకటి రెండు కోట్ల డాలర్లు దాటింది కదా అంటరు. అది నిజం. గానీ మొత్తం 106 బండ్లే అవి. లాటరీ తగిలినోని ఫొటో పేపర్ల వేస్తరు, తగలనోళ్ల ఫొటోలు వేయరు.

మన రోడ్ల మీద

ఈ ఎన్‌ఎస్‌ఎక్స్‌ను హోండా మన దేశంల ఎన్నడూ అమ్మలే. మనకు హోండా అంటే యాక్టివా, సిటీ. పాతది తెచ్చుకుందామంటే, మన దిగుమతి రూల్ ప్రకారం వాడిన కారు మూడేండ్లకు మించి పాతది ఉండొద్దు. 2022ల లైన్ ఆగిపోయింది కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే.

అయితే పాతబండి ముచ్చట మనకు లేదా? ఉన్నది. యమహా ఆర్‌ఎక్స్ 100 చూడుండ్రి. 1985ల వచ్చింది, పొగ నిబంధనలు గట్టిపడ్డంక 1996ల ఆగింది. అది అరుదైనది కాదు, ఊరూరా ఉండె. అయినా ఇయ్యాల మంచి కండిషన్ల ఉన్నదానికి అప్పటి కొత్త ధరకు కొన్ని రెట్లు పెట్టేటోళ్లు ఉన్నరు. పైన చెప్పిన సంగతులన్ని దాంట్ల ఉన్నయి. చిన్నప్పటి ఆశ ఉన్నది. ఆ సప్పుడు మల్ల రాదు. ఏ ఊరి మెకానిక్ అయినా చెట్టు కింద కూసోని ఇంజన్ విప్పి బిగిస్తడు. ఎన్‌ఎస్‌ఎక్స్ గెలుపోటములు అర్థం కావాలంటే ఆర్‌ఎక్స్ 100 చాలు.

గానీ మన కానూను చూడుండ్రి. 15 ఏండ్లు దాటితే ప్రైవేటు బండికి ఫిట్‌నెస్ చూపించి, ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలె. ఢిల్లీ ప్రాంతంలనైతే పదేండ్ల డీజిల్, పదిహేనేండ్ల పెట్రోల్ బండ్లకు రోడ్డే లేదని 2015ల గ్రీన్ ట్రిబ్యునల్, 2018ల సుప్రీంకోర్టు అన్నయి. ఇంకో దిక్కు 2021 జులైల కేంద్రం వింటేజ్ రూల్ తెచ్చింది. 50 ఏండ్లు దాటిన బండికి నంబరుల వీఏ అనే అక్షరాలు, 20 వేల రూపాయల ఫీజు, గౌరవంగ రిజిస్ట్రేషన్. షరతు ఏందంటే రోజువారీగ తిప్పొద్దు, కిరాయికి నడపొద్దు.

అంటే 15 ఏండ్లకు అది తుక్కు, 50 ఏండ్లకు అది వారసత్వం. నడుమల 35 ఏండ్లు దాన్ని ఎవడు కాపాడగలుగుతడు? షెడ్డు ఉన్నోడు, డ్రైవర్ ఉన్నోడు, ఫీజులు కట్టగలిగినోడు. 1996ల తయారైన ఆర్‌ఎక్స్ 100 వింటేజ్ కావాలంటే 2046 దాక ఆగాలె. పాల క్యాన్లు కట్టుకొని తిరిగే రైతు బండి అప్పటిదాక బతుకుతదా?

లాభం ఎవలది

బ్రిటన్ల కారు అమ్మితే వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. కారణం, కారు అరిగిపోయే వస్తువు, దాని మీద లాభం ఏం వస్తదని కానూను రాసినోళ్ల ఆలోచన. మామూలు కార్లకు అది సరైనదే. ఆ సందుల నుంచి కోట్ల రూపాయల ఫెరారీలు గూడ పన్ను లేకుండ దాటిపోతున్నయి. కూలోడు కొన్న ప్రతి సబ్బుబిళ్ల మీద పన్ను పడుతున్న లోకంల ఇది చిన్న ముచ్చట కాదు.

ఇంకొకటి. ఈ బండ్లను చేతితోని బిగించిన కార్మికులు ఉన్నరు. మేరీస్‌విల్‌ల గూడ ఎన్‌ఎస్‌ఎక్స్‌ను రోబోల పక్కన నిలబడి సుమారు వంద మంది నిపుణులు కూర్చిండ్రు. రేపు దానికి రేటు వస్తే అది వాళ్ల చేతి పనికి వచ్చిన రేటే. గానీ అందుల వాళ్లకు చిల్లి గవ్వ రాదు. కొని, గుడ్డ కప్పి, ఏమీ చేయకుండ ఉన్నోనికే వస్తది. పైగ, కిలోమీటర్లు తిరగకుంటేనే ఎక్కువ రేటు! రోడ్డు కోసం చేసిన వస్తువు రోడ్డెక్కకుంటేనే విలువ అనే మార్కెట్ ఇది. ఊరి నడుమ ప్లాటు పడావు పడి ఉంటే రేటు పెరుగుతది, కిరాయి ఇల్లు దొరకక జనం తిరుగుతుంటరు. రెండింటి లెక్క ఒకటే.

మన చౌమహల్లా ప్యాలెస్‌ల నిజాం కాలం నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉన్నది, 1912 నాటిది. అది ఎవని షెడ్డులనో ఉండి ఉంటే మనం చూస్తుంటిమా? టికెట్ కొనుక్కొని ఆటో డ్రైవర్ గూడ దాని ముందట నిలబడి పిల్లలకు చూపిస్తున్నడు. పాతబండికి అసలు చోటు అసొంటిదే.

నా తీర్పు

రెండో ఎన్‌ఎస్‌ఎక్స్ విలువైన పాతబండి అయితదా? నా లెక్కన సగం అయితది. ఆఖర్ల టైప్ ఎస్ పేరుతోని 350 బండ్లు చేసిండ్రు, 600 హార్స్‌పవర్, ధర లక్షా 69 వేల 500 డాలర్లు. వాటికి రేటు నిలబడ్తది, పెరుగుతది గూడ. మామూలు బండ్లు అటు కూలవు, ఇటు ఎగరవు. తెలిసినోళ్ల నడుమ చేతులు మారుతుంటయి. బ్యాటరీలు, కంప్యూటర్ డబ్బాలు దొరుకుడు ఆగిపోతే ఆ నిలకడ గూడ పోతది. హోండా విడిభాగాల పని చేతిల పెట్టుకుంటెనే ఈ బండికి భవిష్యత్తు.

ఆఖరుకు మన పోరలకు ఒక మాట. సెకండ్‌హ్యాండ్ లగ్జరీ కారును పర్సనల్ లోన్ మీద కొని, ఇది ఖర్చు కాదు అన్నా, పెట్టుబడి అని చెప్పేటోళ్లను ఈ మధ్య ఎక్కువ చూస్తున్న. వడ్డీ పద్నాలుగు శాతం కడుతు, ఏటేటా ధర పడిపోయే వస్తువును పెట్టుబడి అనుడు నిన్ను నువ్వే మోసం చేసుకునుడు. ఇష్టముంటే కొనుండ్రి, తిప్పుండ్రి, ఇంటోళ్లను ఎక్కించుకొని పోండ్రి. ఆ ఇష్టానికి ఎంత పోయినా పర్వాలేదు అనుకునే పైసలతోనే కొనుండ్రి. ఈఎంఐ కట్టేటోడు ఇరవై ఏండ్లు ఆగలేడు. ఈ ఆటల గెలిచింది మాత్రం ఎప్పుడూ ఆగగలిగినోడే.